ఇరవై మూడో బల్ల

మా అత్తయ్య పాలగిన్నెను స్కాఫాయిడ్ అని పిలవడం మొదలుపెట్టి నెల దాటింది. తప్పు నాదే. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, వాటి పేర్లు ఎంతకీ నోటికి పట్టవు. పొద్దున్నే అంట్లు తోముతూ ఒక్కో గిన్నెకు ఒక్కో ఎముక పేరు పెట్టుకున్నాను. పాలగిన్నె స్కాఫాయిడ్, టీగిన్నె లూనేట్, కూరగిన్నె ట్రపీజియం. పైకే అంటున్నానన్న సంగతి నాకు తెలియదు. ఓ రోజు ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఆ స్కాఫాయిడ్ అడుగంటింది చూడు, కాస్త గట్టిగా రుద్దు" అంది. నవ్వు ఆపుకోలేక చేతిలో ఉన్న లూనేట్‌ను సింకులో జారవిడిచాను.

ముప్పై ఆరేళ్ల వయసులో యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతున్నదాన్ని నేను. ఆరోగ్యశాస్త్రాల ఉమ్మడి తరగతి అంటారు మాదాన్ని. డాక్టరు కావాలన్నా, పళ్ల డాక్టరు కావాలన్నా, ఫార్మసీ చదవాలన్నా ముందు అందరూ కలిసి ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కాలి. మేం పదకొండు వందల మందిమి. ఏడాది చివర మార్కులన్నీ కలిపి ఒక జాబితా వేస్తారు. మొదటి నూట ఎనభై మందికి వైద్యం సీటు. మిగతావాళ్లు మిగతావి పంచుకుంటారు. రెండోసారి రాసే వీల్లేదు. ఎవరైనా అడిగితే "ఏదో ఒకటి వస్తే చాలండీ" అంటాను. ఈ వయసులో డాక్టరేమిటి అని వాళ్లు మనసులో లెక్కలు వేసుకోవడం చూడలేక అలా అంటాను గానీ, నాకు కావాల్సింది వైద్యం సీటే. అదొక్కటే.

పదకొండేళ్లు ఒక క్లినిక్‌లో టోకెన్లు రాశాను. ఓ మధ్యాహ్నం నలభయ్యో నంబరు టోకెన్ పట్టుకుని ఒకాయన మూల కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ దవడ పట్టుకున్నాడు, చొక్కా తడిసిపోయింది, పెదాల రంగు నాకు నచ్చలేదు. పన్నెండో నంబరు లోపల ఉండగానే తలుపు తోసుకుని వెళ్లి డాక్టరు గారితో చెప్పాను. "నీ పని టోకెన్లు రాయడమమ్మా" అని విసుక్కుంటూనే వచ్చి చూశారు. అంబులెన్సు ఎక్కించేటప్పుడు డాక్టరు గారు ఆ రోగి భార్యతో అన్నారు కదా, "అదృష్టం బాగుంది, సమయానికి నేను బయటికొచ్చాను" అని. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. కోపంతో కాదు. నేను చూసిందేమిటో దాని పేరు నాకు తెలియదు, ఆ పేరు తెలుసుకోవాలనిపించింది.

చేరతానన్నప్పుడు మా ఆయన కాదనలేదు. "చదువుకో. నేనెప్పుడూ నీకు అడ్డు రాను. ఇంట్లో ఏదీ ఆగకుండా చూసుకో, అంతే" అన్నారు. బంధువులంతా ఆయన్ని ఆకాశానికెత్తేశారు. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టమట. నిజమే, ఆయన చెడ్డవారు కారు. గొంతెత్తి ఒక మాట అనరు. కాకపోతే ఆయన చేయగలిగిన సాయమల్లా అడ్డు రాకపోవడం. ఆ రోజు నేను "థాంక్సండీ" అని కూడా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఏదీ ఆగకుండానే చూసుకున్నాను. నాలుగున్నరకు లేచేదాన్ని. వంట, మా అమ్మాయికి జడలు, అత్తయ్య మోకాళ్లకు కాపడం, ఆయనకు బాక్సు, తడిబట్టలు ఆరేయడం, తర్వాత బస్సు. బస్సులో నిలబడి ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో రసాయనశాస్త్రం. హాల్లో ముందు వరుస సీట్ల మీద ఏడింటికే బ్యాగులు పడేవి. అక్కడ ఎవరూ ఎవరికీ నోట్సు ఇవ్వరు. పక్కవాడు ఒక మార్కు పెరిగితే మనం ఒక మెట్టు దిగినట్టేనని అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్లలు నవ్వుతూ పలకరించుకుని, పుస్తకాలకు మోచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు.

నాకు దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు క్యాలిక్యులేటర్. ఆ పిల్లకు అందరూ పెట్టిన పేరు అది. ఎవరికి ఎన్ని మార్కులొస్తే ఏ ర్యాంకు వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మొదటి రోజు నన్ను ఆంటీ అంది. నా నోట్సు చూసిన రోజు నుంచి అక్కా అంటోంది.

అర్ధ సంవత్సరపు శరీరనిర్మాణ పరీక్ష దగ్గర నా బండి పట్టాలు తప్పింది. ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, పొడవాటి హాల్లో నలభై బల్లలు వరసగా వేస్తారు. ఒకదాని మీద ఎముక, ఇంకోదాని మీద జాడీలో ఊపిరితిత్తి, ఇంకోచోట మైక్రోస్కోపు. గుచ్చిన జెండా దగ్గర ఉన్నదేమిటో రాయాలి. యాభై సెకన్లు. గంట మోగుతుంది, పక్క బల్లకు జరగాలి. చేతిలో కాగితం మీద ఒకటి నుంచి నలభై దాకా గళ్లుంటాయి, ఏ బల్ల జవాబు ఆ గడిలోనే. నేను ఒకటో బల్ల దగ్గర మొదలుపెట్టాను. ఇరవై రెండు దాకా కలం ఆగలేదు, ఒక్కటి తప్ప అన్నీ వచ్చు. ఇరవై మూడో బల్ల మీద ఏమీ లేదు. ఒక కుర్చీ, ఒక అట్టముక్క. "విశ్రాంతి. కూర్చోండి. ఈ గడి ఖాళీగా వదలండి" అని రాసుంది.

చదివాను. అర్థమైంది. కానీ కూర్చోలేదు.

చివరి గంట మోగేసరికి నేను నలభయ్యో బల్ల దగ్గర ఉన్నాను. నా కాగితం మీద నలభయ్యో గడి ఖాళీగా ఉంది. ఎక్కడ తప్పిందో వెతుక్కునేలోగా కాగితం లాగేసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆ ల్యాబ్ చూసే మేడమ్ గదికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మాట కటువు. నా కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఇరవై నాలుగో బల్ల జవాబు ఇరవై మూడో గడిలో రాశాను. అక్కడి నుంచి చివరి దాకా అన్నీ ఒక్కో గడి పైకి జరిగిపోయాయి. పదిహేడు జవాబులు.

"అన్నీ కరెక్టే. అన్నీ సున్నా" అన్నారు మేడమ్. "బతిమాలకు. రేపు వార్డులో మంచం నంబరు ఒకటి అటూ ఇటూ అయితే మందు ఎవరికి పడుతుంది?"

"బతిమాలడానికి రాలేదండీ. ఎక్కడ తప్పానో చూసుకుందామని వచ్చాను."

ఆవిడ కళ్లజోడు తీశారు. "సరే, నాకొకటి చెప్పు. ఇరవై మూడో బల్ల దగ్గర ఏం చేశావు?"

నేను కాగితం మీది ఇరవై మూడో గడినే చూస్తున్నాను.

"నేను అక్కడే నిలబడి చూశాను. నీ నోటితో చెప్పు."

"తుడిచానండి."

"ఏం తుడిచావు?"

"ఇరవై నాలుగో బల్ల మీద జాడీ కింద తడిగా ఉంది. కాగితాలు పాడవుతాయని నా చేతిరుమాలుతో తుడిచాను. తుడుస్తుంటే గంట మోగింది. కంగారులో…"

"పదహారేళ్లుగా ఈ పరీక్ష పెడుతున్నాను" అన్నారావిడ. "ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు, కునుకు తీసినవాళ్లున్నారు. బల్ల తుడిచినదానివి నువ్వొక్కదానివే." ఆ గొంతులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికొచ్చి మెట్ల మలుపులో గోడకు ఆనుకుని ఏడ్చాను, ముక్కు చీదుకోవడానికి చేతిరుమాలు తీస్తే ఇంకా ఆ జాడీ వాసనే వస్తోంది.

ఇంటికొచ్చే దారంతా నాకు నేనే ప్రాసిక్యూటరు. కూర్చోమని రాసి ఉన్నా ఎందుకు కూర్చోలేదే నువ్వు? నీకు చదవడం రాదా? వచ్చు. మరి? ఆ అట్టముక్క నాకోసం రాసింది కాదనిపించింది, అంతే. చిన్నప్పుడు మా అమ్మ, "ఆడపిల్లవి, ఊరికే కూర్చుంటావేం, ఆ బియ్యమన్నా ఏరు" అనేది. క్లినిక్‌లో రోగులు లేని పూట డాక్టరు గారు, "ఖాళీయేగా, ఆ ఫైళ్లు సర్దకూడదూ?" అనేవారు. మా ఆయన, "ఖాళీగానే ఉన్నావుగా, ఈ గుండీ కుట్టివ్వు" అంటారు, ఎంతో మామూలుగా, ప్రేమగానే. అత్తయ్య కొత్తలో నేను నడుం వాలిస్తే మంచం కిందే చీపురు ఆడించేది. వీళ్లెవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ నా ఒంట్లోకి ఏదో ఎక్కించారు. ఎదురుగా కుర్చీ కనిపిస్తే దాని మీది దుమ్ము కనిపిస్తుంది నాకు. టీవీ చూస్తున్నా చేతిలో చిక్కుడుకాయలుండాలి. పడుకున్నా రేపటి కూర గురించి ఆలోచించాలి. పదిహేడు జవాబులు వచ్చి కూడా పోగొట్టుకున్నది నేను చదవక కాదు, నిమిషం కూర్చోలేక. ఈ మాట ఎవరితో చెప్పుకోను? చెబితే నవ్వుతారు.

క్యాలిక్యులేటర్ నవ్వలేదు. లెక్క కట్టింది. "అక్కా, నిజం చెప్పనా? చివరి పరీక్షల్లో అన్నిటిలో తొంభై రెండు రావాలి. ఈ బల్లల పరీక్ష అప్పుడు అరవై బల్లలతో ఉంటుంది. అందులో మూడుకు మించి తప్పకూడదు."

"విశ్రాంతి బల్లలు ఎన్నుంటాయి?"

"రెండు. వాటికి ప్రిపేరవ్వాలి నువ్వు. ఎముకలకు కాదు. రోజూ ఇంట్లో ఒక్క నిమిషం ఏమీ చెయ్యకుండా కూర్చో. ప్రాక్టీసు."

ఇదేం చోద్యం అనుకున్నాను. కానీ చివరి పరీక్షలు ఇంకో నెలే ఉన్నాయనగా ప్రయత్నించాను. మొదటి రోజు ముందుగదిలో కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. పద్నాలుగో సెకను దగ్గర "అమ్మా, నా సాక్సు!" రెండో రోజు ఇరవై రెండు దగ్గర కుక్కర్ కూసింది. మూడో రోజు మా ఆయన అటుగా వెళుతూ ఆగి, "ఖాళీయా? నా నీలం చొక్కా ఎక్కడుందో చూడవూ?" అన్నారు. ఆయన ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తారు, నాలుగు వేల రకాల బోల్టులు ఏ అరలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెబుతారు. చొక్కా దగ్గరికొచ్చేసరికి నేను కావాలి. ఎవరూ పిలవని రోజు నా అంతట నేనే లేచి కర్టెన్ సరిచేశాను. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా అరవై చేరలేదు. ఎక్కువలో ఎక్కువ నలభై ఒకటి.

పన్నెండో రోజు అత్తయ్య కనిపెట్టింది. "ఏమే, ఒంట్లో బాలేదా? రోజూ ఆ కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నావు?"

చెప్పేశాను. బల్ల, తడి, చేతిరుమాలు, పదిహేడు జవాబులు, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా నా ఎదురు కుర్చీలో కూలబడింది.

"నేనైనా తుడిచేదాన్నే" అంది. "మీ మామగారు పోయిన రోజు కూడా, నలుగురూ వస్తారని ముందుగది ఊడ్చానే నేను. అందరూ ఏడుస్తున్నారు, నేను చీపురు పట్టుకున్నాను. ఆయన దగ్గర ఒక్క గడియ కూర్చోలేదు. మనిషిని తీసుకెళ్లిపోయాక గుర్తొచ్చింది."

పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఆ వారమే చదివింది చెప్పాను. గుండె ఎప్పుడూ ఆగదని అనుకుంటాం గానీ అత్తయ్యా, ప్రతి రెండు దెబ్బల మధ్యా ఆగుతుంది, మనం నిమ్మళంగా ఉన్నప్పుడు కొట్టుకునేదానికన్నా ఆగేదే ఎక్కువసేపు, అలా ఆగినప్పుడే దానిలోకి రక్తం నిండుతుంది అన్నాను.

"నిజంగా?" అంది ఆవిడ, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "అయితే గుండెకున్న తెలివి నాకు లేకపోయిందన్నమాట." తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "కానీయ్. ఇద్దరం కూర్చుందాం. నువ్వు లేస్తే నేను తిడతాను, నేను లేస్తే నువ్వు తిట్టు."

ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. ఇరవై. ముప్పై. లోపల ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు, అత్తయ్య కాలు కదిలింది, నేను కళ్లతోనే గదమాయించాను. నలభై. యాభై. సరిగ్గా అప్పుడే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఇద్దరు ఆడవాళ్లు చేతిలో పనేమీ లేకుండా ఎదురెదురుగా కూర్చుని ఉండటం చూసి ఆయన మొహం పాలిపోయింది. బ్యాగు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరు పోయారు?"

అత్తయ్య పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నా నవ్వు సగంలో ఏడుపులోకి తిరిగింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "ఎవరూ పోలేదండీ. మేం కూర్చున్నాం. మేం ఊరికే కూర్చుంటే ఈ ఇంట్లో ఎవరో పోయుండాలి, అంతేనా?"

"అదేంటి, నేనేమన్నానని ఇప్పుడు? నీ చదువుకి ఏనాడైనా అడ్డొచ్చానా?"

"రాలేదు. అడ్డు రాలేదు, సాయమూ రాలేదు. ఏడాదంతా నేను రెండు పరీక్షలు రాస్తున్నాను. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. ఇక్కడిది రోజూ రాస్తున్నాను, ఫస్టుక్లాసులో పాసవుతున్నాను, అందుకే అక్కడ తప్పుతున్నాను. నాకు ఆ సీటు కావాలండీ. ఏదో ఒకటి కాదు. డాక్టర్ని కావాలి నేను." పెళ్లయిన పద్నాలుగేళ్లలో 'నాకు కావాలి' అన్న మాట అంత గట్టిగా అన్న గుర్తు లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నొచ్చుకున్నారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. ఆయన స్టవ్ ముందు నిలబడి డబ్బాలన్నీ దించి, కాగితం ముక్కల మీద పేర్లు రాసి అంటిస్తున్నారు, ఆఫీసు స్టోర్స్‌లో చేసినట్టే. అరలకు నంబర్లు కూడా వేశారు. నన్ను చూసి, "పంచదార మూడో అరలో ఉంటుందని నాకెవరూ చెప్పలేదు" అన్నారు, అది నా తప్పే అన్నట్టు. "పరీక్షలయ్యేదాకా పొద్దున పూట నాది. నువ్వెళ్లి చదువుకో." ఆ టీ నోట పెట్టలేకపోయాను గానీ పూర్తిగా తాగాను. పొద్దున పూట అన్నారు. పరీక్షలయ్యేదాకా అన్నారు. రెండూ విన్నాను. అప్పటికి అది చాలనుకున్నాను.

మూడు వారాలు చదువుకున్నాను. గిన్నెలు తోముతూ కాదు, బస్సులో కాదు, కుర్చీలో కూర్చుని, బల్ల మీద పుస్తకం పెట్టుకుని. చదువు అలా కూడా చదవొచ్చని నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రం ఆరింటికి అత్తయ్య కేకేసేది, "రావే, ప్రాక్టీసు టైమయింది." ఇద్దరం కూర్చునేవాళ్లం. నిమిషం రెండు నిమిషాలైంది, రెండు ఐదయ్యాయి. ఆవిడ కళ్లు మూసుకునేది. ఒకసారి ఆ మూసిన కళ్ల కింద తడి చూశాను. తుడవలేదు. ఆవిడ్ని ఆవిడకు వదిలేశాను.

చివరి పరీక్ష రోజు హాల్లో అరవై బల్లలు. పద్దెనిమిదో బల్ల విశ్రాంతి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పక్క బల్ల దగ్గరి కుర్రాడి పెన్ను జారి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. నా చెయ్యి దానంతటదే కిందికి వెళ్లింది. ఆపాను. ఒళ్లో పెట్టుకున్నాను. వాడే వంగి తీసుకున్నాడు. కొంప మునగలేదు. అవతల గోడ దగ్గర నిలబడ్డ మేడమ్ నన్నే చూస్తున్నారు. నేను కిటికీలోంచి కనిపిస్తున్న ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాను, వెనక్కి ఆనుకుని, వీపు మొత్తం ఆనుకుని. గంట మోగింది. పద్దెనిమిదో గడి ఖాళీగా వదిలి, పంతొమ్మిదో బల్లకు వెళ్లి, పంతొమ్మిదో గడిలో రాశాను. నలభై నాలుగో బల్ల కూడా విశ్రాంతే. అక్కడ కళ్లు కూడా మూసుకున్నాను.

ఐదు వారాలకు జాబితా వచ్చింది. మేం పెద్ద భవనం మెట్ల దగ్గర గుంపుగా నిలబడి ఉన్నాం. క్యాలిక్యులేటర్ నా కంటే ముందు గుంపులో దూరి బయటికొచ్చింది, జుట్టంతా రేగిపోయి. "అక్కా! నూట డెబ్బై మూడు!" అని అరిచి నన్ను వాటేసుకుంది. తనది నలభై ఒకటి. తను లెక్కలేసుకున్నది ముప్పై తొమ్మిది, ఆ రెండూ ఎక్కడ పోయాయా అని ఆ సంతోషంలోనూ గొణుక్కుంటోంది. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. నేను మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

అవతల మా ఆయన కేక పెట్టారు. వెనక అత్తయ్య గొంతు, "డాక్టరమ్మా!" అని. అమ్మాయి ఫోన్ లాక్కోబోతోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇక్కడ అప్పుడే అందరూ వచ్చేశారు" అన్నారు. "పక్కింటివాళ్లు, మా స్టోర్స్ వాళ్లు. టీ నేనే పెట్టాన్లే, నీ చేతి టీలా కుదర్లేదు. ఇంకా ఎవరెవరో వస్తామంటున్నారు. వాళ్లకేం పెట్టాలో ఏమిటో, నువ్వొస్తే గానీ తేలదు. ఎంతసేపట్లో వస్తావ్?"

మధ్యాహ్నపు ఎండ మెట్ల మీద సగం దాకా వచ్చింది. గుంపు పలచబడింది. నీడ పడ్డ చోట మెట్టు చల్లగా ఉంది. బ్యాగు పక్కన పెట్టాను.

"గంటన్నర పడుతుందండీ" అన్నాను.

"గంటన్నరా? జాబితా చూసేశావుగా. ఇంకా ఏం పనుంది అక్కడ?"

"పనేం లేదండీ. అందుకే ఆలస్యమవుతుంది."